అత్తమ్మ ‘చాలా మంచిది’, సరే, తర్వాత?

ప్రశ్న: అక్కా, మాది రామ్‌నగర్. మా మేనత్త పోయి పది నెలలైంది. నాన్నకి అక్క, పెళ్లి చేసుకోలేదు, మొదట్నుంచీ మాతోనే ఉంది. గాంధీ హాస్పిటల్‌లో సిస్టర్‌గా చేరి హెడ్ నర్సుగా రిటైరైంది. నన్ను, తమ్ముణ్ణి, బాబాయి పిల్లల్ని పెంచింది ఒకరకంగా తనే. నైట్ డ్యూటీ దిగి పొద్దున్నే వచ్చి వాకిట్లో నల్లా దగ్గర మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటే గానీ మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. ఇప్పుడు సంవత్సరీకం దగ్గరికొస్తోంది. బాబాయి ఫంక్షన్ హాల్ బుక్ చేసి, పెద్ద ఫ్లెక్సీ కొట్టించి, అందరితో మాట్లాడించాలంటాడు. నాన్న ఇంట్లోనే చేసి ఊరుకుందాం అంటాడు, అత్తమ్మ మాటెత్తితే లేచి బయటికి పోతాడు. అమ్మేమో అత్తమ్మ గది ఖాళీ చేద్దాం అంటోంది, నాకు మస్తు కోపమొచ్చింది. అందరూ చెప్పింది రాసి ఒక బుక్ చేయిద్దామని నా ఆశ. కానీ ఎవర్ని అడిగినా ‘చాలా మంచిది’ అంటారు, అంతే. తన ఫోన్ నా దగ్గరే ఉంది, నాకు పంపిన వాయిస్ మెసేజ్‌లు కూడా ఉన్నాయి, వినే ధైర్యం లేదు. నేనే ఓవర్ చేస్తున్నానా?

సమాధానం: ఓవర్ ఏం కాదు చెల్లీ. పది నెలలంటే ఏం పెద్ద టైమని, ఇంకా మీ ఇంటికి బ్యాంకు నుంచో ఎల్‌ఐసీ నుంచో ఏదో ఒక కవరు ఆమె పేరు మీదే వస్తూ ఉండి ఉంటుంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అత్తమ్మ నాకు కనిపించింది ఒక్క చోటే, ఆ నల్లా దగ్గర. పెంచింది, చూసుకుంది, మాతోనే ఉంది అని రాసిందంతా ఎవరి అత్త గురించైనా రాయొచ్చు కదా, కానీ రాత్రంతా వార్డులో నిలబడొచ్చిన మనిషి, పిల్లలు కాళ్లకి చుట్టుకుంటుంటే కసిరి పక్కకి జరిపి ముందు మోచేతులు కడుక్కోవడం, అది ఆమె ఒక్కర్తే. ఊరంతా 2020లో నేర్చుకున్న పని ఆమె మీ వాకిట్లో ఎప్పట్నుంచో చేస్తోంది. నీకు కావల్సినవి ఇట్లాంటివే, మీవాళ్ల దగ్గర బోలెడు ఉన్నాయి. అడిగే తీరు కొంచెం మార్చాలంతే. రికార్డింగ్ ఆన్ చేసి ఫోన్ ఎదురుగా పెట్టి ‘అత్తమ్మ ఎలాంటి మనిషి చెప్పు’ అంటే ఎవరైనా సంతాపసభలో మైకు అందుకున్నట్టే మాట్లాడతారు, పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు.

చిన్న చిన్నవి అడుగు, జవాబు చెప్పడానికి ఆలోచించనక్కర్లేనివి. 2003 దాకా గాంధీ సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఉండేది, ఆ తర్వాతే ముషీరాబాద్‌లో పాత జైలు జాగాలో కట్టిన బిల్డింగ్‌కి వచ్చింది. అంటే మీ అత్తమ్మ ఎన్నో ఏళ్లు రామ్‌నగర్ నుంచి సికింద్రాబాద్ పోయొచ్చిందన్నమాట. ఎట్లా పోయేది? నైట్ డ్యూటీకి రాత్రి బస్సెక్కేదా, ఎవరైనా దింపేవాళ్లా? మీ నాన్న సైకిల్ మీద దింపేవాడేమో, నాకేం తెలుసు, అడిగితే బయటికొస్తుంది. పొద్దున వచ్చేటప్పుడు చేతిలో ఏముండేది? జీతం రోజున ఇంట్లో ఏం వండేవాళ్లు? ఆస్పత్రి ముషీరాబాద్‌కి మారినప్పుడు దగ్గరైందని సంతోషపడిందా, లేక పాత వార్డు పోయిందని ముఖం మాడ్చుకుందా?

ఊరందరికీ గుర్తున్న సంగతులు పట్టుకుని కూడా అడగొచ్చు. 2000 ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడి సిటీ మునిగింది చూడు, ఆ రోజు ఆమె డ్యూటీలో చిక్కుకుందా ఇంట్లో ఉందా? 1995లో వినాయకుడు పాలు తాగుతున్నాడని జనం గుళ్ల ముందు లైన్లు కట్టారు, నర్సమ్మ తనూ చెంచా పట్టుకుని నిలబడిందా, మీకేమన్నా పిచ్చా అని ఇంట్లోవాళ్లని తిట్టిందా? జనవరి ఒకటిన నాంపల్లిలో నుమాయిష్, అదే ఎగ్జిబిషన్, మొదలైతే మిమ్మల్నందర్నీ తీసుకెళ్లేదా, తీసుకెళ్తే ఎవరు తప్పిపోయారు? ప్రతి ఇంట్లో నుమాయిష్‌లో తప్పిపోయిన పిల్లాడు ఒకడుంటాడు, మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. 2020లో గాంధీ మొత్తాన్ని కరోనా పేషెంట్లకే ఇచ్చేసినప్పుడు, రిటైరై ఇంట్లో ఉన్న హెడ్ నర్సు టీవీ ముందు కూర్చుని ఏమనేదో మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు, అది నీకే గుర్తుండాలి, కూర్చుని నువ్వే రాయి.

ఒకే సంగతి నాన్న ఒకలా బాబాయి ఇంకోలా చెప్తారు, చూస్తుండు. ఏది నిజమని పంచాయితీ పెట్టకుండా రెండూ రాయి, ఎవరు చెప్పారో పక్కన వాళ్ల పేరు వేయి. తిట్టినవీ అలిగినవీ కూడా రాయి. ఫొటోకి దండ పడగానే మనవాళ్లు మనిషిని దేవుడి పక్కన కూర్చోబెడతారు, ఇంక ఆమెకి కోపం లేదు, పంతం లేదు, టీలో చక్కెర తక్కువైతే గ్లాసు పక్కకి నెట్టిన అలవాటూ లేదు. పిల్లల పెంపకంలో చెయ్యెత్తని మనిషా? ఆ దెబ్బలు తిన్నవాళ్లే రేపు ఆ కథ చెప్పి అందరికంటే ఎక్కువ నవ్వుతారు.

ఇప్పుడు అమ్మ సంగతి. గది ఖాళీ చేద్దామంది అని నీకు కోపమొచ్చింది, అర్థమైంది, కానీ ఒక్కసారి అమ్మ వైపు నుంచి చూడు. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు మనవాళ్లు ఊరికే కాదు. కొత్త కోడలిగా వచ్చిన రోజు నుంచి అదే ఇంట్లో, అదే వంటింట్లో, సంపాదించే ఆడబిడ్డతో కాపురం చేసింది మీ అమ్మ. మీ నాన్న ఆఫీసుకి పోయాక, మీరు స్కూలుకి పోయాక, నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకున్న మనిషికి నిద్ర చెడకుండా కుక్కర్ విజిల్ రాకముందే స్టవ్ తగ్గించింది ఎవరంటావ్? ఆఖర్న మంచాన పడితే చూసుకుంది ఎవరు? నువ్వు రాయలేదు గానీ నాకు తెలుసు, మన ఇళ్లలో ఆ పని ఎవరి మీద పడుతుందో. ఆమెకి ఆ గదిలో కనిపించేది నీకు కనిపించేది ఒకటి కాదు, నీకు బాల్యం, ఆమెకి మందుల వాసన. ప్రేమ లేక అన్న మాట కాదది. మీ అత్తమ్మ గురించి నీ బుక్కులో సగం పేజీలు నింపగలిగిన మనిషి మీ అమ్మే అని నా అంచనా, నువ్వు ఇంతవరకు ఆమెని అడగనే లేదు, అందర్నీ అడిగానని రాశావు గానీ ఉత్తరంలో ఎక్కడా అమ్మ చెప్పిన మాట లేదు. చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు పక్కన కూర్చో. ‘అమ్మా, నువ్వొచ్చిన కొత్తలో అత్తమ్మ నీతో మొదట గొడవపడింది దేనికి’ అని అడుగు. మంచితనంతో మొదలుపెడితే రెండు ముక్కల్లో ముగుస్తుంది, గొడవతో మొదలుపెడితే సాయంత్రం దాకా సాగుతుంది.

గది ఖాళీ చేయడమంటారా, చేయండి, తొందరేం లేదు, అట్లాగని ఏళ్ల తరబడి తాళం వేసి పెట్టడం కూడా ఎవరికీ మంచిది కాదు. ముందు అల్మారా అరలు ఉన్నవి ఉన్నట్టుగా ఫొటోలు తీసిపెట్టు. యూనిఫాం మీద పిన్నుతో పెట్టుకునే గడియారం, డైరీలు, చేతిరాత ఉన్న కాగితం ముక్క ఏదైనా పక్కన పెట్టేయి, చిట్టీల లెక్కలు రాసిన నోటుబుక్కైనా సరే. చీరలు ఇంట్లో ఆడవాళ్లందరికీ తలా ఒకటి, మొదటిది అమ్మని ఎంచుకోనివ్వు. పాత ఆల్బమ్‌లు ఉంటే, ఆ అంటుకునే పేజీల్లోంచి ఫొటోలు లాగొద్దు, చిరుగుతాయి, కిటికీ దగ్గర పగటి వెలుగులో ఫ్లాష్ లేకుండా పైనుంచి ఫోన్‌తో తీసేయి. ఎవరెవరో పేర్లు ఇప్పుడే రాయించుకో. మీ నాయనమ్మ తరం వాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే ఆల్బమ్ పట్టుకుని ముందు వాళ్ల దగ్గరికే పో, మిగతావాళ్లని తర్వాత చూసుకోవచ్చు.

నాన్నని కూర్చోబెట్టి మాట్లాడించే ప్రయత్నం మానేయి. అక్క మాటెత్తితే లేచిపోతున్నాడంటే, ఆయన ఆమెకి తమ్ముడు, ఇంట్లో ఇంకెవరికీ తెలియని చిన్నప్పటి అక్క ఆయనకి తెలుసు, మీకెవ్వరికీ ఆ అక్కతో పరిచయమే లేదు. ఇంట్లోనే చేద్దాం అన్నాడుగా, అదే ఆయన మాట్లాడే తీరు అనుకో. పంతులు గారికి ఫోన్ చేయడం, సామాన్లు తేవడం దగ్గర ఆయన వెంట ఉండు. పోయినవాళ్లకి ఇష్టమైనవే వండుతాం కదా ఆ రోజు, ‘నాన్నా, అత్తమ్మకి ఏం కూర చేయిద్దాం’ అని అడుగు, అమ్మనీ విడిగా అడుగు, ఇద్దరూ రెండు రకాలు చెప్తారు, రెండూ చేయించండి. ఇంకో పని, ఏదో పని మీద సికింద్రాబాద్ పోదామని బండి తీయించు, వెనక కూర్చో, స్టేషన్ దగ్గర ఆల్ఫా హోటల్‌లో చాయ్ తాగి రండి. ఎదురెదురుగా కూర్చుంటే నోరు మెదపని మగవాళ్లు బండి నడుపుతూ ముందుకు చూస్తూ మాట్లాడతారు, ముఖం చూపించక్కర్లేదు కదా. చెప్పకపోయినా నష్టమేం లేదు, చాయ్ తాగొస్తారు.

ఒకటి మాత్రం ఆయన్ని అడక్కు, అత్తమ్మ పెళ్లెందుకు చేసుకోలేదు అని. తమ్ముళ్ల చదువుల కోసమని మీ ఇంట్లో ఒక కథ ఉండే ఉంటుంది, బాబాయి ఫ్లెక్సీ మీద ‘త్యాగమూర్తి’ అని వేయిస్తాడని నాకు గట్టి అనుమానం. నిజమే అయ్యుండొచ్చు. కానీ పెళ్లి కాని ఆడమనిషి జీవితాన్ని మనవాళ్లు ఎప్పుడూ ఇంకొకళ్ల లెక్కలోనే రాస్తారు, ఎవరి కోసం ఏం వదులుకుంది అని. నెల జీతం తన చేతికి తీసుకున్న మనిషి, వార్డులో పది మంది సిస్టర్లకి చెప్పి పని చేయించిన మనిషి, వదులుకున్నవే కాదు, కావాలని పట్టుకున్నవి కూడా ఉంటాయి. ఆ ఉద్యోగమంటే ఆమెకి ఇష్టమై ఉండొచ్చుగా? అది ఇంట్లోవాళ్లకి తెలీదు, ఆమెతో పనిచేసిన రిటైర్డ్ సిస్టర్లకి తెలుసు. ఫోన్‌లో ఇద్దరు ముగ్గురి నంబర్లు తప్పకుండా ఉంటాయి, ఇంటికి పిలువు, లేదంటే నువ్వే పో. గాజు సిరంజీలు గిన్నెలో వేసి మరగబెట్టిన రోజుల నుంచి చెప్తారు వాళ్లు, డాక్టర్లకి పెట్టిన ముద్దుపేర్లతో సహా. గల్లీలో కూడా అడుగు, ఎవరికి జ్వరమొచ్చినా డాక్టర్ చీటీ, ఇంజక్షన్ పట్టుకుని మీ గుమ్మంలోకే వచ్చుంటారు, ఆ కిరాణా షాపాయన చేతికో నడుముకో ఆమె సూది గుచ్చే ఉంటుంది. ఎవరైనా ఇంట్లోవాళ్లకి తెలియనిది, బయట పెట్టకూడనిదేదైనా చెప్తే మటుకు విని నీ దగ్గరే ఉంచుకో, బుక్కులోకి రానివ్వకు. ఆమె బతికుండగా చెప్పలేదంటే చెప్పొద్దనే కదా.

హాల్ గురించి ఎక్కువ గొడవ పడకండి. మీ బాబాయి హడావుడి మనిషి, ఆయన దుఃఖం నలుగురిలోకి వస్తే గానీ తీరదు, ఆయన్నీ చేసుకోనివ్వండి. రెండు వేర్వేరు రోజులు పెట్టుకుంటే నాన్న మాటా నిలుస్తుంది ఆయన మాటా నిలుస్తుంది. సంవత్సరీకం తిథిని బట్టి వస్తుంది, ఇంగ్లీష్ డేట్‌కి కాదు, మామూలుగా పదకొండు రోజులు ముందుకొస్తుంది, మధ్యలో అధికమాసం పడితే ఆలస్యమవుతుంది. కాబట్టి బాబాయి అడ్వాన్స్ కట్టే లోపే పంతులు గారిని అడిగి తేదీ తేల్చుకోండి. హాల్లో స్పీచ్‌లు పెడితే అందరూ మళ్లీ ‘మంచిది’ దగ్గరే ఆగుతారు, దాని బదులు ఒక టేబుల్ మీద పాత ఫొటోలు పరిచి పెట్టండి, పెద్దవాళ్లు వాటి చుట్టూ చేరి వాళ్లే మొదలుపెడతారు. ఫ్లెక్సీకి ఆధార్ కార్డు ఫొటోని లాగి పెద్దది చేయనివ్వకు, నవ్వుతున్నది ఒకటి నువ్వే వెతికివ్వు.

ఆ తర్వాత పెత్రమాస సంగతి గుర్తుపెట్టుకో. భాద్రపద అమావాస్య నాడు పొద్దున పెద్దల పేరు మీద బియ్యమిస్తాం, సాయంత్రం అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ. బియ్యమిచ్చేటప్పుడు నాన్న, తాత, ముత్తాత అని పేర్లు చదివిస్తారు చూడు, పిల్లల్లేని మేనత్త పేరు ఆ వరుసలో ఒక తరం దాటితే జారిపోతుంది, నువ్వు పక్కనుండి చెప్పించు. రేపు మీ తమ్ముడు ఇచ్చే రోజున కూడా.

ఇంక ఫోన్. దీనికి మాత్రం ఆలస్యం చేయొద్దు. ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులు వాడకుండా, బ్యాలెన్స్ లేకుండా పడుంటే కంపెనీవాళ్లు కట్ చేసేస్తారు, కొన్నాళ్లకి ఆ నంబర్ వేరేవాళ్లకి పోతుంది. మధ్యలో ఎవరైనా రీఛార్జ్ చేశారో లేదో చూసుకో, నంబర్ ఇంకా బతికుంటే డెత్ సర్టిఫికెట్ తీసుకుని షోరూమ్‌కి వెళ్లి ఇంట్లోవాళ్ల పేరు మీదికి మార్చడానికి ఏం చేయాలో అడుగు, బ్యాంకు పనులు మిగిలుంటే ఓటీపీలు దానికే వస్తాయి. వాట్సాప్ అకౌంట్ కూడా మామూలుగా 120 రోజులు వాడకపోతే తీసేస్తారు, కానీ ఆ ఫోన్‌లో ఉన్న చాట్లు యాప్ తీసేసేదాకా ఫోన్‌లోనే ఉంటాయి, కాబట్టి క్లీన్ చేద్దామని ఎవరూ యాప్ డిలీట్ చేయకుండా, ఫోన్ రీసెట్ చేయకుండా చూసుకో. గూగుల్ అకౌంట్ రెండేళ్లు ఎవరూ తెరవకపోతే ఫొటోలతో సహా తీసేసే పాలసీ ఉంది, ఆమె తీసిన ఫొటోలన్నీ అందులోనే ఉండొచ్చు, అవి కూడా దించుకో. నీకు పంపిన వాయిస్ మెసేజ్‌లు నీ ఫోన్‌లోనే ఉన్నాయి, ఆ చాట్ తెరిచి ఎక్స్‌పోర్ట్ చాట్ అని ఉంటుంది, మీడియాతో కలిపి చేసుకుని ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, పెన్ డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టు. ఇవన్నీ చేయడానికి ఒక్కటి కూడా వినక్కర్లేదు. దాచుకోవడం ఇవాళ చేయి, వినడం ఎప్పుడో చేసుకో, వచ్చే ఏడైనా, నీ పెళ్లి రోజైనా, అసలు వినకపోయినా అడిగేవాళ్లెవరు. ధైర్యం చేసి వినాలనిపిస్తే ‘వచ్చేటప్పుడు కొత్తిమీర తే’ లాంటివి ముందు విను, పుట్టినరోజువీ, ఆస్పత్రి నుంచి పంపినవీ పక్కన పెట్టు.

బుక్ సంవత్సరీకానికి అందాలని పెట్టుకోకు. ప్రింటింగ్ తొందరలో పడితే ఎవరో ఒకరు ముందుమాట రాసి ‘మంచిది’ అని ముగించేస్తారు. ఒక లాంగ్ నోట్‌బుక్ కొని హాల్లో టీవీ పక్కన పెన్నుతో సహా పెట్టు, ఎవరికి ఎప్పుడు ఏది గుర్తొస్తే అది వాళ్ల చేతిరాతలోనే రాయనీ, స్పెల్లింగులు దిద్దకు. బాబాయి పిల్లలు వేరే ఊళ్లలో ఉంటే వాయిస్ పంపమను, నువ్వు రాసుకో. రికార్డ్ చేసేటప్పుడు చెప్పి చేయి, దొంగచాటుగా వద్దు, తర్వాత తెలిస్తే ఇంకెప్పుడూ నోరు విప్పరు.

నీకో నాన్నకో రాత్రిళ్లు నిద్ర లేకుండా, తిండి మానేసి, పనికి పోబుద్ధి కాకుండా వారాలు గడుస్తుంటే అది వేరే లెక్క, పిల్లలు చెప్పినా పెద్దలు చెప్పినా తగ్గదు. 14416 అని ప్రభుత్వానిది టెలీ మానస్ నంబర్ ఉంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. నాన్న చేయనంటే ముందు నువ్వు చేసి నీ గురించి మాట్లాడు.

ఇవాళ ఆ చాట్ ఎక్స్‌పోర్ట్ చేసేయి. రేపు పంతులు గారికి ఫోన్. చిక్కుడుకాయలు ఏ రోజు దొరికితే ఆ రోజు అమ్మ పక్కన కూర్చో, మొదటి గొడవ దేనికో తెలిస్తే నాక్కూడా రాయి.